నోరు కట్టుకోమన్నారు

నా ఎడమ కాలికి ఇప్పుడు నాలుగే వేళ్లు. చిటికెన వేలు పోయింది. పోయిన వేలి కోసం ఏడవడం ఎప్పుడో మానేశాను గానీ, అది పోయిన తీరు తలుచుకుంటే ఇప్పటికీ రోత పుడుతుంది. కోపమైతే ఎవరో ఒకరిని నాలుగు తిట్టి చల్లబడేదాన్ని. ఇది పాచిపోయిన కూర నోట్లో పెట్టుకున్నట్టుంది, ఎంత పుక్కిలించినా ఆ రుచి పోవడం లేదు.

మీ ఇంట్లో షుగరుకు సూదిమందు వేసుకునే పెద్దవాళ్లెవరైనా ఉంటే ఇది చదవండి. వాళ్ల మీద నేరం మోపే అలవాటు మీకుంటే తప్పకుండా చదవండి.

నేను జహీరాబాద్‌లో ఒక ప్రైవేటు బడిలో తల నెరిసేదాకా తెలుగు చెప్పాను. ప్రైవేటు బడి కాబట్టి పింఛను లేదు. చివరి రోజు శాలువా కప్పి, ఒక గోడ గడియారం చేతిలో పెట్టి పంపారు. మా ఆయన ప్రకాశం చక్కెర ఫ్యాక్టరీలో ఫిట్టరుగా చేసి రిటైరయ్యాడు. కొడుకు దేవదాసుకు ట్రాలీ ఆటో ఉండేది. కోహీర్ వైపు ఊళ్ల నుంచి అల్లం, ఆలుగడ్డ బస్తాలు మార్కెట్‌కు తోలేవాడు. కోడలు మరియ ఇంట్లోనే మిషను కుడుతుంది. ఇల్లు గడిచేది మాత్రం ఆ ఆటో మీదే. ఈ మాట ముందే చెప్తున్నాను, ఎందుకంటే నా జబ్బు పోయి పోయి పడింది ఆ బండి మీదే.

షుగరు నాకు పాత చుట్టమే. ఏళ్ల తరబడి గోలీలు మింగాక సూదిమందులోకి దింపారు. పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి. నా పొట్టలో నేనే పొడుచుకోవడం అలవాటైంది. జొన్నరొట్టె, ఆకుకూర, మజ్జిగ, అంతే నా తిండి. చాయ్‌లో కూడా చక్కెర లేదు. చక్కెర ఫ్యాక్టరీ జీతంతో బతికిన ఇంట్లో చక్కెర లేని చాయ్ తాగుతున్నానని మా ఆయన ఆటపట్టించేవాడు. అప్పట్లో నవ్వుకునేవాళ్లం.

పోయిన ఏడాది చలికాలం వెళ్లిపోతుండగా మా ఫ్రిజ్ చెడిపోయింది. బాగుచేయడానికి వచ్చినతను కంప్రెషర్ పోయిందన్నాడు. అతను అడిగిన డబ్బు విని, పండగలు కానీ, పంటలు కానీ అని వాయిదా వేశాం. సూదిమందు సీసాను కొన్నాళ్లు కుండలో తడి ఇసుక పోసి అందులో పెట్టాను. ఏ ఇబ్బందీ రాలేదు. మార్చిలో ఎండ ముదిరేసరికి మా ఆయనకు ఫికరు పట్టుకుంది.

"ఈ ఎండకు కుండల యాడ ఆగుతదే? మందు కరాబైతది. గఫూర్ భాయ్ దుకాణంల ఐస్‌క్రీం పెట్టె ఉంది గద, దాంట్లె పెడుదం. మస్తు సల్లగుంటది."

గఫూర్ భాయ్‌ది మా గల్లీ మూల దుకాణం. పాలు, పెరుగు, పిల్లలకు ఐస్‌క్రీములు అమ్ముతాడు. అతని పిల్లలిద్దరూ నా దగ్గర చదువుకున్నవాళ్లే. అడగ్గానే పెట్టె మూత ఎత్తి, ఒక మూల ఖాళీ చేసి, స్టీలు డబ్బా తెచ్చి పెట్టాడు.

"గిదేం పెద్ద పని టీచరమ్మా? పొద్దుగాల రా, మాపటికి రా. నేను లేకుంటె నువ్వే మూత లేపి తీస్కో. పైసల ముచ్చట తేకు."

సీసా రోజూ గడ్డకట్టేది. రెండు అరచేతుల మధ్య పెట్టుకుని కరిగేదాకా దొర్లించి, సూదిలోకి లాగి వేసుకునేదాన్ని. గట్టిగా గడ్డకట్టిందంటే మందు అంత భద్రంగా ఉన్నట్టేనని మా ఇద్దరి నమ్మకం. డాక్టరు చల్లగా పెట్టమన్నాడు, మేము ఇంకా చల్లగా పెట్టాం. చదువు చెప్పిన నాకూ, మిషన్లు విప్పి బిగించిన మా ఆయనకూ అంతకు మించి తోచలేదు.

ఏప్రిల్‌లో షుగరు పెరగడం మొదలైంది. నోరు ఎండిపోవడం, రాత్రిళ్లు పదేపదే లేవడం, కాళ్లల్లో నిప్పులు పోసినట్టు మంట. మేము చూపించుకునే డాక్టరు బీదర్ రోడ్డు మీద ఒక నర్సింగ్ హోమ్‌లో కూర్చుంటాడు. పేరు రాయను, రాసినా ఏం లాభం లేదు, అలాంటివి ఆ రోడ్డు మీద చాలా ఉన్నాయి. కింద మెట్ల దగ్గర మందుల దుకాణం, పక్కగదిలో రక్తపరీక్ష, పైన డాక్టరు. మూడూ ఒకే కుటుంబానివి. మనిషి లోపలికి అడుగు పెట్టాక ఆ మూడు గుమ్మాలూ దాటకుండా బయటికి రాలేడు.

"ఏం తింటున్నారమ్మా?" అన్నాడు డాక్టరు కాగితం చూస్తూ.

"జొన్నరొట్టె, కూర సార్."

"ఇంకా?"

"ఇంకేం లేదు సార్."

తలెత్తి నా వైపు కాదు, మా ఆయన వైపు చూసి నవ్వాడు. "అందరూ ఇట్లనే చెప్తారు. ఇంట్లో జర కన్నేసి పెట్టండి. నోరు కట్టుకోకపోతే నేనేం చేయలేను." మందు మోతాదు పెంచాడు, పరీక్షలు రాశాడు.

ఆ నవ్వు మా ఇంటికి వచ్చి కూర్చుంది. నాకు అన్నిటికంటే వెగటు పుట్టించింది అదే. మర్నాడు చూస్తే వంటింట్లో ఉండాల్సిన బెల్లం డబ్బా బీరువాలోకి పోయింది. బిస్కెట్ పొట్లాలు మరియ బట్టల కిందికి పోయాయి. నేను వంటింట్లోకి పోతే వెనకాల ఎవరో ఒకరు ఏదో పని పెట్టుకుని వచ్చేవాళ్లు. ఒకరోజు మధ్యాహ్నం నిద్ర లేచి మొహం కడుక్కుని వస్తుంటే మా ఆయన నా చెయ్యి పట్టుకున్నాడు. ఎందుకో అనుకున్నాను. ముక్కు దగ్గరికి తీసుకుని వాసన చూశాడు.

చెయ్యి లాక్కుని సబ్బుతో కడుక్కున్నాను, తిండి వాసన పోవడానికి కాదు.

మే నెలలో కొత్త చెప్పు చిటికెన వేలిని కరిచింది. కందిగింజంత పుండు. మానలేదు. రోజు విడిచి రోజు కట్టు మార్పించుకోవడానికి నర్సింగ్ హోమ్‌కు పోవడం, గంటల తరబడి ప్లాస్టిక్ కుర్చీల్లో కూర్చోవడం. గోడ మీద ఒక బొమ్మ ఉంటుంది, తెల్ల జుట్టు మొగుడూ పెళ్లాం నవ్వుకుంటూ పార్కులో పరిగెడుతుంటారు. దాని కింద కూర్చున్న మాలో ఒక్కరికీ సరిగ్గా నడవరాదు. షుగరు దిగడం లేదని డాక్టరు ఖరీదైన సూదిమందుకు మార్చాడు, పెన్నులా ఉంటుంది. అదీ గఫూర్ భాయ్ ఐస్‌క్రీం పెట్టెలోకే పోయింది. అదీ గడ్డకట్టింది. దానిక్కూడా మోతాదు పెంచుతూ పోయారు.

డబ్బు ఎట్లా పోయిందో ఒక్కొక్కటీ చెప్పను. ముందు నా బంగారు గుండ్ల దండ, తర్వాత కోడలి చీటీ, తర్వాత ఆమె మహిళా సంఘంలో తీసుకున్న అప్పు. సర్కారు దవాఖానకు పోతే సూదిమందు ఒకోసారి ఉచితంగా దొరికేది, ఒకోసారి "ఇంక రాలే" అనేవాళ్లు. రాని రోజు కొనుక్కోవాలి. కట్టుకు, పరీక్షకు, ఆటోకు, డాక్టరు మొహం చూసినందుకు, అన్నిటికీ చెయ్యి చాపేవాళ్లే. ముసలివాళ్ల జబ్బంటే ఈ ఊళ్లో కొందరికి కొత్తిమీర మడి లాంటిది. కోసిన కొద్దీ చిగురేస్తుంది.

చుట్టాలు వచ్చేవాళ్లు. చేతిలో కోహీర్ జాంపళ్లు. సంచీ నా ఒళ్లో పెట్టి, "నువ్వు మాత్రం తినకు ఒదినా" అని, నా ఎదురుగానే కోసుకుని ఉప్పుకారం అద్దుకుని తినేవాళ్లు. ఒకావిడ నా పుండు చూసి ముక్కు మూసుకుని, చాయ్‌లో రెండు చెంచాలు వేయమని మరియకు చెప్పింది. మా చర్చి ప్రార్థన కూటం ఆడవాళ్లు కూడా వచ్చారు. చుట్టూ చేరి నా తల మీద చేతులు పెట్టారు. పాస్టరమ్మ కళ్లు మూసుకుని గొంతెత్తి, "ప్రభువా, మా సుగుణమ్మక్కకు తిండి మీద నిగ్రహం దయచేయుము" అంది. అందరూ ఆమేన్ అన్నారు. మా ఆయన అందరికంటే గట్టిగా అన్నాడు. నేను మాత్రం కళ్లు మూసుకోలేదు.

వీళ్లందరి మాటలూ ఒక ఎత్తు, మరియ అడిగింది ఒక ఎత్తు. ఆమె ఎప్పుడూ నన్ను ఒక్క మాట అనలేదు. పుండు కడిగేది, కట్టు బట్టలు ఉడకేసేది. ఒకరోజు నా కాళ్ల దగ్గర కూర్చుని చాలా నెమ్మదిగా అడిగింది.

"అత్తమ్మా, నేనేమన్న అంటలేను. గని నిజం చెప్పున్రి. తింటున్నరా?"

"లేదమ్మా."

తలూపింది. నమ్మలేదని నాకు తెలుసు. ఆమె అప్పు తెచ్చి కట్టిన మనిషి, నమ్మమని గట్టిగా అడగడానికి నాకు నోరు రాలేదు.

జూన్ చివర్లో వేలు నల్లబడింది. మా డాక్టరు తన వల్ల కాదని చేతులు దులుపుకుని, హైదరాబాద్‌లో తనకు తెలిసిన ఆసుపత్రికి చీటీ రాసిచ్చాడు. ఇంకా ఆలస్యం చేస్తే పాదం పోతుందన్నాడు, పాదం తర్వాత మోకాలి దాకా అన్నాడు. ఆ ఆసుపత్రి కౌంటరులో నా కొడుకు వయసున్న ఒకాయన మా సర్కారు కార్డును వేలితో పక్కకు నెట్టి, "ఇది ఇక్కడ నడవదు, అడ్వాన్సు కట్టండి" అన్నాడు. ఎక్కడ నడుస్తుందో చెప్పమంటే ఫోన్ ఎత్తుకున్నాడు.

దేవదాసు ఊరికి వెళ్లి మర్నాడు డబ్బుతో వచ్చాడు. బండి అమ్మేశాడు. "బండిదేముందమ్మా, మల్ల కొనుక్కుందం" అన్నాడు గోడ వైపు చూస్తూ. ఇప్పుడు అదే బండిని కొన్నాయన దగ్గర జీతానికి నడుపుతున్నాడు. పొద్దున మా ఇంటి ముందు నుంచే పోతుంది. పాత అలవాటు కొద్దీ హారన్ కొడతాడు.

ఆపరేషనుకు తీసుకుపోయే ముందు మా ఆయన మంచం దగ్గర నిలబడ్డాడు. ధైర్యం చెప్తాడనుకున్నాను.

"కొడుకు బండిని తిన్నవే" అన్నాడు.

పక్క మంచం వాళ్లు విన్నారు, కర్టెను దగ్గర నర్సు విన్నది. ఆ మాటతోనే లోపలికి పోయాను. లోపల చలిగా ఉంది. ఈ వేలితో పాటు నేను కూడా పోతే బాగుండునని కోరుకున్నాను. సిగ్గుపడకుండా రాస్తున్నాను, ఎందుకంటే ఇట్లా కోరుకున్న ముసలివాళ్లు నేనొక్కదాన్నే కాదని తెలుసు.

వేలు తీసేశారు. మర్నాడు పొద్దున వార్డు నర్సు మా డాక్టరు చీటీ చూసి, అందులో ఉన్న మోతాదే, కానీ ఆసుపత్రి ఫ్రిజ్‌లోంచి తీసిన మందు వేసింది. ఇడ్లీ తిన్నాను. కాసేపటికి ఒళ్లంతా చెమట పట్టింది. చేతులు వణకడం మొదలైంది. పైన ఫ్యాను తిరుగుతున్నదో నా మంచం తిరుగుతున్నదో తెలియలేదు. పిలుద్దామంటే నాలుక మొద్దుబారింది. పక్క మంచం ఆమె కూతురు నన్ను చూసి కేక వేసింది. నర్సు పరిగెత్తుకొచ్చి వేలు పొడిచి చూసి, "షుగర్ పడిపోయింది, చక్కెర పెట్టున్రి నోట్లె, జల్ది!" అని అరిచి సెలైన్ కోసం ఉరికింది.

మా ఆయన చాయ్‌తో వచ్చిన చక్కెర పొట్లం చించి నా నోట్లో పోశాడు. తొందరలో సగం మెడ మీద పడింది. ఎన్ని నెలల తర్వాతో తీపి, నా మొగుడి చేత్తో.

రౌండ్స్‌కు వచ్చిన పెద్ద డాక్టరు చీటీ చూసి ఆశ్చర్యపోయాడు. "ఇంత మోతాదా? ఇంట్లో ఇదే వేసుకుంటున్నారా?"

"అవును సార్, రాసిందే."

"ఇంట్లో ఎప్పుడూ పడిపోలేదా?"

"లేదు సార్."

"అయితే ఇంట్లో తిండి గట్టిగానే ఉండి ఉంటుంది" అని, చుట్టూ ఉన్న కుర్ర డాక్టర్లు నవ్వుతుండగా పక్క మంచానికి వెళ్లిపోయాడు. చావు దాకా పోయి వచ్చిన మనిషిని కూడా దొంగను చేసి పోయాడు.

పడుకుని ఆలోచించాను. అదే ఒళ్లు. అదే మోతాదు. తిండి ఇంట్లో కంటే కొంచెం ఎక్కువే తిన్నాను. మారింది సీసా ఒక్కటే. నర్సు సెలైన్ చూడ్డానికి వచ్చినప్పుడు అడిగాను.

"సిస్టరమ్మా, సూదిమందు గడ్డకడితే ఏమైతది?"

"గడ్డ ఎందుకు కడతది ఆంటీ? ఫ్రిజ్‌ల కింది అరల పెడతరు గద."

"ఐస్‌క్రీం పెట్టెల పెడితే?"

నవ్వబోయి ఆగిపోయింది. "పెట్టిన్రా? ఎన్ని రోజులు? అయ్యో ఆంటీ, గడ్డకట్టినంక అది పనిచెయ్యది. నీళ్లు పొడుచుకున్నట్టే."

మా ఆయన స్టూలు మీద కూర్చుని అంతా విన్నాడు. లేచి బయటికి వెళ్లాడు. చాలాసేపటికి చాయ్ పట్టుకుని వచ్చాడు, అప్పటికి అది చల్లారిపోయింది. ఇంటికి వచ్చే బస్సులో సదాశివపేట దాటాక, కిటికీలోంచి చూస్తూ అన్నాడు.

"నేనే గద పెట్టమన్నది."

"అవును" అన్నాను. పోనీలే అంటానని ఎదురుచూశాడు. అనలేదు. నా చెయ్యి వాసన చూసిన మనిషికి అంత సులువుగా పోనీలే దొరకదు. తర్వాత తర్వాత ఆయనే రోజూ పుండు కడిగాడు, కాలు ఒళ్లో పెట్టుకుని. నెల తర్వాత ఎప్పుడో నేనే మాట కలిపాను.

ఇంటికి రాగానే మందు అట్టపెట్టె తెచ్చి కిటికీ దగ్గర భూతద్దం పెట్టి చదివాను. గడ్డకట్టనీయొద్దని ఉంది. ఇంగ్లీషులో, చీమ కాళ్లంత అక్షరాల్లో. షుగరుతో కళ్లు మసకబారే జబ్బువాళ్ల మందు మీద ఆ అక్షరాలు అచ్చేసిన వాళ్లను ఏమనాలో నాకు తెలియదు. గఫూర్ భాయ్ విని దుకాణం మెట్ల మీద కూలబడ్డాడు. "తౌబా తౌబా, నా చేతులతోని జాగ ఇచ్చిన టీచరమ్మా" అని కళ్లు తుడుచుకున్నాడు. ఈ మొత్తం వ్యవహారంలో నా ముందు కళ్లు తుడుచుకున్నది అతనొక్కడే. కిస్తుల మీద పాత ఫ్రిజ్ ఒకటి కొనే దాకా పాలు పెట్టే ఫ్రిజ్‌లో కింది అర నాకిచ్చాడు. ఆ పాత ఫ్రిజ్ ఖరీదు మేము పరీక్షలకు పోసినదాంట్లో ఒక మూలకు రాదు.

హైదరాబాద్ ఆసుపత్రి వాళ్లే మోతాదు తగ్గించి పంపారు. షుగరు దిగింది. పుండు మానింది. సెప్టెంబరులో బీదర్ రోడ్డు డాక్టరు దగ్గరికి పోతే కాగితం చూసి మురిసిపోయాడు. "చూసిన్రా, నోరు కట్టుకుంటే ఎట్ల తగ్గిందో!" ఐస్‌క్రీం పెట్టె సంగతి మొదటి నుంచి చెప్పాను. "ఓహో, ఫ్రిజ్‌లోనే పెట్టుకోండి" అని గంట కొట్టాడు. ఇన్ని నెలలు ఎక్కడ పెడుతున్నావని ఒక్కసారి ఎందుకు అడగలేదన్నాను. అప్పటికే వెనక మనిషి వచ్చి నా కుర్చీ పట్టుకుని నిలబడ్డాడు.

చర్చిలో పాస్టరమ్మ సాక్ష్యం చెప్పమంది, ప్రార్థన వల్ల నిగ్రహం వచ్చిందని. వెళ్లి నిలబడి, "నాకు నిగ్రహం ముందు నుంచీ ఉంది, మందే చచ్చిపోయింది" అని మొదలుపెట్టాను. ఐస్‌క్రీం పెట్టె దాకా రాకముందే ఆమె పాట ఎత్తుకుంది. అందరూ చప్పట్లు కొడుతూ పాడారు.

మొన్న మళ్లీ ఆ నర్సింగ్ హోమ్‌లో కూర్చున్నాను. నా ఎదురుగా ఝరాసంగం వైపు నుంచి వచ్చిన మొగుడూ పెళ్లాం, ఇద్దరికీ అరవై దాటి ఉంటాయి. ఆమె పాదానికి కట్టు. చెంగు నోటికి అడ్డం పెట్టుకుని నేల చూస్తోంది. ఆయన పక్కనున్న వాళ్లందరికీ వినపడేలా చెప్తున్నాడు.

"సూది పొడిపిస్తనే ఉన్న. పైసలు పోస్తనే ఉన్న. ఇది దొంగతనంగ తింటనే ఉంటది. ఎడ్లను బేరం పెట్టొచ్చిన. రేపు అంగడి. ఇగ నాకు సేద్యం కూడ లేకుంట చేసింది."

"అన్నా" అన్నాను. "సూదిమందు యాడ పెడుతున్నరు ఇంట్ల?"

నా వైపు వింతగా చూశాడు. "యాడ పెడ్తం? దేవుని గూట్లె పెడ్తం. సుద్దంగ ఉంటదని."

"గూడు యాడుంది?"

"రేకుల కిందనే. దీపం పెట్టే కాడ."

"దీపం రోజూ ఉంటదా?"

"రాత్రీ పగలూ ఉంటది అక్కా. గీమె కాలు మానాలెనని మొక్కుకుని పెట్టిన."

నేను లేచి, కుంటుకుంటూ వెళ్లి ఆయన పక్క కుర్చీలో కూర్చున్నాను. చెప్పు విడిచి నా పాదం చూపించాను. మొదటి నుంచి చెప్పాను, కొడుకు బండి దాకా. "ఎండకు, సెగకు మందు చచ్చిపోతది అన్నా. లోపలికి పోయి మోతాదు పెంచుమనకు. కొత్త సీసా కొను, తడి ఇసుక పోసిన కుండల పెట్టు, గది సల్లగున్న మూలకు. వారం చూడు. ఎడ్ల బేరం ఆపు."

ఆయన తలగుడ్డ తీసి మొహం తుడుచుకున్నాడు. లోపలి నుంచి వాళ్ల పేరు పిలిచారు, ఇంకోసారి పిలిచారు. ఆయన లేవలేదు.

ఆమె చెంగు తీసింది. నేను వచ్చినప్పటి నుంచి నేల మీదే ఉన్న తల ఎత్తి మొగుడి మొహంలోకి సూటిగా చూసింది.

"ఇన్నవా?" అంది.